ఎర్ర బోయా ఎడమ చేతికి: ఆన్‌లైన్ మ్యాప్‌లో కాకినాడ సముద్రాన్ని గుర్తించిన నా అనుభవం

"సముద్రమంతా ఖాళీగా ఉందేంట్రా?" అని మా బావ అడిగాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోటు ఒడ్డున కట్టేసి బావ ఇంట్లోనే ఉన్నాడు. ఎవరైనా ఎక్కించి దిద్దగలిగే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో నేను గీసిన కాకినాడను ఫోన్‌లో చూపిస్తున్నాను. మూడేళ్లుగా వీధులు, బస్టాపులు, గుళ్లు, బడులు ఎక్కించాను. ఆయన వేలు మాత్రం నేరుగా తీరం దాటి నీలం రంగు మీదికి వెళ్లింది. అక్కడ నిజంగానే ఏమీ లేదు.

ఆ రాత్రే మొదలుపెట్టాను. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం మీదే ఓపెన్‌సీమ్యాప్ అని 2009 నుంచి సముద్రాల కోసం ఇంకో మ్యాప్ నడుస్తోంది. అందులో కనిపించాలంటే ప్రతి వస్తువుకూ "సీమార్క్" అనే మాటతో మొదలయ్యే ట్యాగులు (వివరాలు చెప్పే చీటీల్లాంటివి) పెట్టాలి. అది ఏ రకం, అందులో ఏ తరగతి, రంగేమిటి, ఆకారమేమిటి, ఏ పద్ధతి ప్రకారం పెట్టారు, ఇవన్నీ విడివిడిగా చెప్పాలి. వీధికి పేరు రాసినంత తేలిక కాదు.

మొదటి తప్పు ఫిషింగ్ హార్బర్ దగ్గర. పడవ బొమ్మ చూసి "మెరీనా" అని పెట్టేశాను. మెరీనా అంటే షికారు పడవలు నిలిపే చోటు. మనది హార్బర్, తరగతి ఫిషింగ్. అది వెంటనే దిద్దుకున్నాను. ఉప్పాడ రోడ్డు పక్కన పోసిన రాళ్లను "బ్రేక్‌వాటర్" అన్నాను. అదీ తప్పే. బ్రేక్‌వాటర్ అలలను బయటే అడ్డుకుని తన వెనక నీటిని నిలకడగా ఉంచుతుంది. ఉప్పాడ రాళ్లు ఒడ్డును ఆనుకుని, రోడ్డు కోసుకుపోకుండా కాపు కాస్తాయి. దానికి "రిప్‌రాప్" అని వేరే తరగతి ఉంది. ఆ రోడ్డు ఎన్నిసార్లు తెగిందో చూసినవాడిని కాబట్టి ఈ తేడా నాకు చిన్నదనిపించలేదు.

అసలు పాఠం బోయాలతో నేర్చుకున్నాను. ఓడరేవులోకి వచ్చే దారికి రెండు పక్కలా ఎరుపు, ఆకుపచ్చ బోయాలు, అంటే నీటిలో తేలే గుర్తులు ఉంటాయి. ఎలా రాయాలో తెలియక అమెరికాలోని ఒక రేవులో ఎవరో పెట్టిన ఎర్ర బోయా ట్యాగులు చూసి అవే రాశాను: శంకు ఆకారం, "స్టార్‌బోర్డ్" అంటే కుడి, పద్ధతి "ఐఏఎల్‌ఏ-బి" (ఐఏఎల్‌ఏ అంటే బోయాల పద్ధతులు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ). సరిచూద్దామని ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూసినట్టు ఊహించుకున్నాను. ఎరుపు నా కుడి పక్కే వచ్చింది. మ్యాప్ దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా ఏ హెచ్చరికా ఇవ్వలేదు, ఎందుకంటే ఆ ట్యాగులన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోయాయి. ధైర్యంగా సేవ్ చేశాను.

రెండు రోజులకు ఒక అనుభవమున్న మ్యాపర్ నా మార్పు కింద ఒక్క ప్రశ్న రాశారు: భారత్ ఏ రీజియన్‌లో ఉంది?

చదవడం మొదలుపెట్టాక టెన్షన్ వచ్చింది. 1971 జనవరిలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య డోవర్ జలసంధిలో టెక్సాకో కరీబియన్ అనే ఓడ ఢీకొని మునిగింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే ఓడ ఆ శకలాలకు తగిలి మునిగింది. అక్కడ గుర్తులు పెట్టాక కూడా ఫిబ్రవరిలో నికి అనే మూడో ఓడ అక్కడే మునిగింది. మొత్తం 51 మంది చనిపోయారు. అప్పటికి ప్రపంచంలో 30కి పైగా బోయా పద్ధతులు వాడుకలో ఉండేవి. చివరికి 1980లో దేశాలు కలిసి ఏ, బి అనే రెండు రీజియన్లకు ఒప్పుకున్నాయి. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ రీజియన్ బిలో ఉన్నాయి. భారత్‌తో సహా మిగతావన్నీ రీజియన్ ఏలో ఉన్నాయి. రీజియన్ ఏలో సముద్రం నుంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమ పక్క ఉండాలి, దాని ఆకారం డబ్బా. రీజియన్ బిలో సరిగ్గా తిరగేసి ఉంటుంది.

అంటే నేను చేసిన రెండు తప్పులు ఒకదాన్నొకటి బలపరిచాయి. పద్ధతి వేరే దేశానిది, చూపు ఒడ్డు నుంచి బయటికి. ఇది బావకు చెప్తే ఆశ్చర్యపోయాడు. "ఇంటికొచ్చేటప్పుడు ఎర్రది ఎడం చేతికి. మా కళాసీల్లో కొత్త కుర్రాడినడిగినా చెప్తాడు" అన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు అన్న ఆ ఒక్క మాట ముందే అడిగి ఉంటే సరిపోయేది.

నిషేధం అయ్యాక ఆయన బోటులోనే వెళ్లాను. ఒక్కో బోయా పక్కగా పోతున్నప్పుడు జీపీఎస్ గుర్తు, ఫొటో తీసుకున్నాను. బోయా గొలుసుకు కట్టి ఉంటుంది కాబట్టి పోటుకీ పాటుకీ కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. అందుకే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ తీసిన గుర్తుల మధ్యబిందువు పెట్టాను. నేను పెట్టిన పాత ఎర్ర బోయాలన్నీ పోర్ట్ (అంటే ఎడమ), ఎరుపు, డబ్బా, ఐఏఎల్‌ఏ-ఏ అని దిద్దాను.

వాకలపూడి లైట్‌హౌస్‌కు రెండు సాయంత్రాలు పట్టింది. దీపం వ్యవధి రాయాలి. మొదటి రోజు వెలుగు ఆరినప్పటి నుంచి మళ్లీ వెలిగేదాకా, అంటే చీకటిని మాత్రమే లెక్కపెట్టాను. వ్యవధి అంటే ఒక వెలుగుల వరుస మొదలైన క్షణం నుంచి అదే వరుస మళ్లీ మొదలయ్యేదాకా. మర్నాడు పది వరుసల సమయం తీసి పదితో భాగించాను. ఎత్తు దగ్గర ఇంకో చిక్కు: కట్టడం ఎత్తు వేరు, సముద్ర మట్టం నుంచి దీపం ఎత్తు వేరు, రెండింటికీ వేర్వేరు ట్యాగులు. ఎంత దూరం కనిపిస్తుందో నాటికల్ మైళ్లలో రాయాలి (ఒక మైలు 1.852 కిలోమీటర్లు). అది నేను కొలవలేను. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఎవరో మిత్రుడు నేవిగేషన్ చార్టు (ఓడలు నడపడానికి వాడే సముద్ర పటం) చూసి ఎక్కించెయ్యమన్నాడు. చార్టులకు సాధారణంగా కాపీరైట్ ఉంటుంది, వాటినుంచి ఎత్తి రాయడం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒప్పుకోరు. నేను కూడా ఒక చార్టు యాప్ చూసి రెండు లోతు అంకెలు పెట్టి ఉన్నాను. అవి తీసేశాను, ఎందుకు తీశానో మార్పు వివరంలో రాశాను.

బావ ఈ మ్యాప్ చూసి బోటు నడపడు, నడపకూడదు కూడా. దానికి అధికారిక చార్టులున్నాయి. కానీ మొన్న తిరిగి వస్తూ ఫోన్ తెరిచి, తెర మీది ఎర్ర చుక్కనీ ఎడమ పక్క ఊగుతున్న బోయానీ మార్చి మార్చి చూశాడు. తర్వాత హోప్ ఐలాండ్ ఇసుక కొసను చూపించి, "ఇది ఇంత పొడుగు లేదు, ఇక్కడ మేట మారిపోయింది" అన్నాడు. అంటే అక్కడ తీరరేఖను మళ్లీ గీయాలి, అదీ నేల ఎడమ పక్క, నీరు కుడి పక్క వచ్చేలా. ఈ ఆదివారం పోటు సమయం చూసుకుని ఆ కొస దగ్గరికి వెళ్తున్నాం.