వేరుపడటం అన్న మాట గురించి

ఆదివారం, అనంతపురం.

రేపటి కుటుంబ కౌన్సిలింగ్ తరగతికి మూడు తరాల జీనోగ్రామ్, అంటే ఇంటివారినీ వారి మధ్య బంధాలనూ గుర్తులతో చూపే పటం, గీసి తీసుకువెళ్లాలి, అదీ మా సొంత కుటుంబానిది. పోయిన బుధవారం అభ్యాస తరగతిలో నేను కౌన్సిలర్‌గా కూర్చున్నాను. తోటి విద్యార్థులు ముగ్గురు తల్లిగా, తండ్రిగా, పదో తరగతి చదివే కొడుకుగా కూర్చున్నారు. పిల్లవాడి కడుపునొప్పి గురించి అడగవలసిన నేను పది నిమిషాలైనా గడవకముందే తల్లి తరఫున తండ్రికి నచ్చజెప్పే పనిలో పడిపోయాను. మేడం నన్ను తప్పు పట్టలేదు. “మీ ఇంట్లో ఎవరి మాట ఎవరికి చేరవేస్తుంటావమ్మా?” అని మాత్రం అడిగారు. నాలుగు రోజులుగా ఆ ప్రశ్న నాతోనే ఉంది.

ఉదయం కాఫీ తాగాక నడవలో చాప పరుచుకొని పెద్ద తెల్లకాగితం ముందు పెట్టుకున్నాను. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, చనిపోయినవారి గుర్తు మీద ఇంటూ గీత, తోబుట్టువుల్లో పెద్దవారు ఎడమవైపు. ఇంతవరకు రేషన్ కార్డు చూసి కూడా రాయవచ్చు. కష్టమంతా మనుషుల మధ్య గీసే గీతల్లోనే ఉంది. తగాదా ఉంటే వంకరటింకర గీత, ఒకరి మనసు ఒకరిలో కలిసిపోయేంత దగ్గరితనం ఉంటే మూడు సమాంతర గీతలు, రాకపోకలు నిలిచిపోతే నడుమ రెండు చిన్న అడ్డుగీతలతో తెగిన గీత.

జేజి గోడకు ఆనుకొని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తోంది. మిషనుకు వేస్తే గింజ మీది పొర చిట్లుతుందని, ఊళ్లో మాకు మిగిలిన రెండెకరాలకు సరిపడా కాయలు ఇప్పటికీ ఆమే చేత్తో ఒలుస్తుంది. కాయ ముక్కును బొటనవేలితో నొక్కి, చిట్లిన చోట విడదీసి, గింజలను చాటలో వేసి, ముడతపడినవాటిని వేరే గిన్నెలో వేస్తుంది. ఆమె చేతులు ఆగకుండా సాగుతున్నప్పుడే అడిగాను: “జేజీ, తాతకూ వాళ్లన్నకూ మాటలు ఎప్పుడు లేకుండా పోయినాయి?”

“బావి పాళ్లు పెట్టుకున్న యేడు. నీళ్ల వంతు కాడ మాటొచ్చింది. ఆయన సచ్చిపోతే గూడా మీ తాత ఆ గడప తొక్కలేదు” అంది జేజి, చాట మీది నుంచి చూపు ఎత్తకుండానే.

ఆ ఇద్దరి మధ్య తెగిన గీత గీశాను. ఆ కింది తరంలో నాయనకూ చిన్నాయనకూ మధ్య అదే గీత గీయవలసి వచ్చింది. అక్కడ బావి, ఇక్కడ బోరు. తొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే ఊరి జాతరకు పోయి చెరొక పక్కన నిలబడి వస్తున్నారు. తరాల మీదుగా ఒకే తీరు దిగివస్తుందని కుటుంబ చికిత్సకు బాట వేసిన అమెరికా మనోవైద్యుడు ముర్రే బోవెన్ చెప్పింది పుస్తకంలో చదివినప్పుడు అది ఎవరి ఇంటి సంగతో అనిపించింది. ఒకదాని కింద ఒకటిగా ఒకే గుర్తు కనబడేసరికి పెన్సిల్ కాసేపు కింద పెట్టేశాను. అయితే ఒక మాట నాకు నేను గట్టిగా చెప్పుకోవాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ జిల్లాలో అన్నదమ్ముల తగవును మనసుల్లో మాత్రమే వెతికితే అన్యాయమవుతుంది. ఆందోళన పెరిగిన కొద్దీ ఇద్దరి మధ్య బరువు మూడో మనిషి మీదికి జరుగుతుందనే కదా బోవెన్ త్రికోణం గురించి చెప్పింది. మా ఇంట్లో ఆ ఆందోళన మబ్బును చూసి పెరిగేది, తగ్గేది.

బోవెన్ 1954లో అమెరికాలోని బెథెస్డాలో స్కిజోఫ్రీనియా రోగులతోపాటు మొదట తల్లులను, తర్వాత తండ్రులను, తోబుట్టువులను కూడా ఆసుపత్రిలోనే ఉంచి గమనించారు. ఆ దశకంలోనే మన దేశంలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను వారి దగ్గరే ఉండనిచ్చారు. ఒకరు కుటుంబాన్ని అధ్యయనం చేయడానికి పిలిచారు, మరొకరు వైద్యంలో తోడుగా పిలిచారు. మన చోటికి ఈ రెండో ఆలోచనే దగ్గరని నాకు అనిపిస్తుంది. బోవెన్‌లో నాకు అన్నింటికంటే గౌరవం కలిగించింది మాత్రం వేరే సంగతి. 1967లో వృత్తి నిపుణుల సమావేశంలో ఆయన తన సొంత కుటుంబంలో తాను త్రికోణాల నుంచి ఎలా బయటపడ్డారో చెప్పారు. మాకు ఈ ఇంటిపని ఇవ్వడం వెనుక ఉన్నదీ ఆ నమ్మకమే. తన ఇంట్లో ఏ పక్కకు వాలుతున్నాడో తెలియని కౌన్సిలర్ వచ్చినవారి ఇంట్లోనూ ఆ పక్కకే వాలుతాడు. బుధవారం నేను చేసింది అదే.

మధ్యాహ్నమంతా ఒక మాట దగ్గర ఆగిపోయాను. డిఫరెన్సియేషన్ ఆఫ్ సెల్ఫ్ అన్నదానికి తరగతిలో మేము వేరుపడటం అని రాసుకున్నాం. ఆ మాట ఇక్కడ పనికిరాదని నాకిప్పుడు తేటతెల్లమైంది. మా వైపు వేరుపడటమంటే పొయ్యి వేరవడం, పొలం పంచుకోవడం, చివరకు పలకరింపు ఆగిపోవడం. కౌన్సిలింగ్‌కు వచ్చిన కోడలితో “మీరు వేరుపడాలి” అంటే ఆమె మరుసటి రోజే అద్దె ఇల్లు వెతుకుతుంది. బోవెన్ చెప్పింది అందుకు పూర్తిగా భిన్నమైన సంగతి. తెగతెంపులు చేసుకుని దూరంగా పోయినవాడు కూడా ఆ బంధానికి లోబడే బతుకుతున్నాడని ఆయన అన్నారు. నాయన తొమ్మిదేళ్లుగా చిన్నాయనతో మాట్లాడకపోయినా, ఏ పంట వేయాలో చిన్నాయన పొలం చూసే తేల్చుకుంటారు. అందుచేత నా నోటుపుస్తకంలో వేరుపడటం అన్నది కొట్టేసి, అందరి మధ్యా ఉంటూనే తన మాట మీద తాను నిలబడటం అని రాసుకున్నాను. పొడవైన మాటే, కానీ ఎవరినీ ఇల్లు విడిచిపొమ్మనదు.

సాయంత్రం వంటింట్లో అమ్మకు ఉల్లిగడ్డలు తరిగిస్తుంటే, ఆమె గొంతు తగ్గించి, “చిన్నాయన కూతురి పెండ్లికి మనం పోయేది లేదని మీ జేజికి మెల్లగా చెప్పు. నువ్వు చెబితే వింటుంది” అంది. ఇన్నేళ్లలో ఇలాంటి మాటలు ఎన్ని మోశానో లెక్కలేదు. అమ్మ మాటను మెత్తగా చేసి జేజికి చెప్పడం, జేజి కోపాన్ని సగం చేసి అమ్మకు తెచ్చి ఇవ్వడం నాకు పలక పట్టినప్పటి నుంచీ అలవాటైన పని. ఈసారి కత్తిపీట ముందు నుంచి లేవకుండా, “అమ్మా, అది జేజికి నువ్వే చెప్పు. నేనైతే పెండ్లికి పోదామనుకుంటున్నా” అన్నాను.

అమ్మ పోపులో కరివేపాకు వేసి చాలాసేపు ఏమీ అనలేదు. గుండె దడదడలాడింది. వెంటనే ఏదో ఒకటి అని ఆమెను మామూలు చేయాలని నోటిదాకా వచ్చింది. లేచి బయటికి పోవాలనీ అనిపించింది. ఆ రెండూ చేయకుండా మిగిలిన రెండు గడ్డలూ తరిగి ఇచ్చాను. “నీ ఇష్టం” అంది చివరకు. అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే నాకే ముందు వడ్డించింది. జేజికి ఆ మాట చెప్పిందో లేదో నేను అడగలేదు.

రాత్రి కాగితం మళ్లీ తీశాను. ఉదయం నాకూ అమ్మకూ మధ్య రెండు గీతలే గీసి ఊరుకున్నాను. ఇప్పుడు మూడో గీత కూడా గీశాను.