విజయనగరంలో రెండు రోజులు, ఒక ఫిడేలు

విశాఖపట్నం నుంచి విజయనగరం సుమారు 60 కిలోమీటర్లు. బస్సు సులువని అందరూ చెప్పినా నేను ప్యాసింజరు రైలే ఎక్కాను. పెందుర్తి, కొత్తవలస, అలమండ, కోరుకొండ దాటుతుంటే పట్టాలకు రెండు వైపులా కోతకొచ్చిన వరి కనిపించింది. నవంబరు నెలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893 నవంబరు 8న పుట్టి, 1964లో అదే నెల 25న కన్నుమూశారు. ఆయన వాయిద్యం నాకు మొదట తెలిసింది మా తాతగారి గ్రామఫోన్ రికార్డు ద్వారా. ఒక్కో వైపు మూడు నిమిషాలకు మించి పట్టని ఆ పాత రికార్డులో, ఒక రాగం మొదలై, విచ్చుకుని, తొందరపడకుండా ముగిసేది. అంత తక్కువ వ్యవధిలో అంత నిదానం ఎలా సాధ్యమైందో చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు. ఆ నిదానం పుట్టిన ఊరును చూడాలన్న కోరిక మాత్రం అప్పటి నుంచీ మనసులో ఉండిపోయింది.

స్టేషనులో దిగి, గంటస్తంభం మీదుగా కోట వైపు నడిచాను. 1713లో కట్టిన ఆ కోట గోడల నీడలో ఊరు తన పనులు తాను చేసుకుపోతోంది. సంగీత కళాశాల దగ్గరికి చేరేసరికి ఒక గదిలోంచి సరళీ వరుసలు, పక్క గదిలోంచి మృదంగం జతులు ఒకేసారి వినిపించాయి. 1919లో పూసపాటి విజయరామ గజపతి మహారాజు ఈ కళాశాలను నెలకొల్పారు. కొలువులోని ఒక ఉద్యోగి కొడుకు, చూపులేని కుర్రవాడు, సంగీతం నేర్చుకోవాలన్న కోరికే దీనికి మూలమని ఇక్కడ చెప్పుకుంటారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన నాయుడుగారి వాయిద్యం విని, ఆయననే ఫిడేలు ఆచార్యుడిగా నియమించారన్నది ఊరంతా ఇష్టంగా చెప్పుకునే ముచ్చట. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, పి. సుశీల ఈ కళాశాలలోనే చదివారు. ఇంటింటా అన్నం అడిగి, మధుకరం ఎత్తి కడుపు నింపుకుంటూ ఘంటసాల సంగీతం నేర్చుకున్నది ఈ ఊరి వీధుల్లోనే అని తలుచుకున్నప్పుడు, ఆ వీధుల్లో నడక నాకు మామూలు నడకలా అనిపించలేదు.

నన్ను పిలిచినవారు ఈ ఊళ్లోనే సంగీతం నేర్చుకుని, ఇప్పుడు కచేరీలు చేస్తూ, వారంలో రెండు రోజులు బడి పిల్లలకు ఉచితంగా ఫిడేలు నేర్పుతున్న ఒక యువ విద్వాంసురాలు. ఆ సాయంత్రం ఒక చిన్న మందిరంలో ఆమె సోలో కచేరీ జరిగింది. వందమంది కూడా పట్టని హాలు. మైకు ఉన్నా, చాలా తక్కువ స్థాయిలోనే పెట్టించారు. ఆమె బాసింపట్టు వేసి కూర్చుని, ఫిడేలు తలను కుడి మడమ దగ్గర ఆనించి, తీగలను స-ప-స-పలకు సరిచేసుకున్నారు. పాశ్చాత్యులు భుజానికీ గడ్డానికీ మధ్య బిగించి పట్టుకునే వాద్యాన్ని మనవాళ్లు ఇలా ఒడిలోకి దించుకోవడంతో ఎడమచేతికి బరువు మోసే పని తప్పింది. ఆ స్వేచ్ఛ వల్లనే వేలు తీగ మీద జారుతూ గమకాన్ని, అంటే స్వరాల ఊగిసలాటను, గొంతులా పలికించగలుగుతుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ పరదేశీ వాద్యాన్ని మన సంగీతానికి పరిచయం చేసిన నాటి నుంచి చాలా కాలం దాని స్థానం గాయకుడి పక్కనే. గాయకుడు ఏం పాడితే దాన్ని నీడలా అనుసరించడమే దాని పని. అది గొప్ప పనే, నిజమే. కానీ పక్కవాద్యకారుడికి తన ఆలోచనను మొదటి నుంచి చివరిదాకా తానే నడిపించే అవకాశం ఉండదు.

కచేరీ మొదట్లో వాయించే వర్ణం అయ్యాక ఆమె ఖరహరప్రియ రాగం ఎత్తుకున్నారు. తీగల మీద లాగే కమానును కొస నుంచి కొసకు, ఒకే ఒత్తిడితో, ఊపిరి పీల్చి వదిలినంత నెమ్మదిగా లాగుతూ మంద్రస్థాయిలో మొదలుపెట్టి, రిషభం దగ్గర చాలాసేపు ఆగారు. పొడుగు కమాను నాయుడుగారి బాణీ ప్రాణం. ఒక్క లాగుడులో అనేక స్వరాలు తెగకుండా వినిపించాలంటే కుడిచేయి ఎంత సాధన చేసి ఉండాలో, చిన్నప్పుడు ఏడాదిన్నర నేర్చుకుని మానేసిన నాకు బాగా తెలుసు. తర్వాత త్యాగరాజ కీర్తన, అందులో ఒక పాదాన్నే రకరకాలుగా విస్తరించే నెరవు, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన వచ్చాయి. మాట లేని చోట నెరవు చేయడం కష్టం. ఆమె సాహిత్యంలోని ప్రతి అక్షరం దగ్గరా కమాను మార్చడంతో, కీర్తన తెలిసినవాళ్లు లోలోపల పాడుకోగలిగారు. స్వరాల చివర మృదంగం ఆయన తన ఒంటరి వాయింపును, అంటే తనియావర్తనాన్ని, కాస్త పొడిగించినట్టు అనిపించింది, అయినా సభ కదల్లేదు.

కచేరీ తర్వాత ఆమె గురువుగారు, డెబ్బై దాటిన మాస్టారు, అరుగు మీద కూర్చుని మాట్లాడారు.

“1938లో వెల్లూరులో నాయుడుగారు సోలో చేశారు బాబూ. పక్కన కూర్చోవాల్సిన ఫిడేలు ముందుకొచ్చి కూర్చుంది,” అన్నారు.

1941లో ఆయనకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో మద్రాసులో, జస్టిస్ రాజమన్నారుగారి ఇంట, పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఆయన వాయిద్యాన్ని విని ఆశ్చర్యపోయారు. 1957లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ నేను చదివినవే. మాస్టారు మాత్రం వాటి దగ్గర ఆగకుండా, పాఠం గురించే మాట్లాడారు. నాయుడుగారిలా చూపు మందగించిన మనిషి చెవితో పాఠం చెబితే, శిష్యుడి తప్పు అతనికంటే ముందే తెలిసిపోతుందని ఆయన అన్నారు.

మర్నాడు ఉదయం ఆమెతో కలిసి చూపులేని పిల్లల బడికి వెళ్లాను. ఇరవైమంది పిల్లలు బొంతల మీద కూర్చున్నారు. ఆమె ముందు వాయించలేదు. ఫిడేలును ఒక్కొక్కరి చేతికీ ఇచ్చి, చెక్క వంపులు, బిరడాలు, నాలుగు తీగలు తడిమి చూడనిచ్చారు. కమాను వెంట్రుకలు గుర్రం తోకవని చెబితే ఒక పాప చెయ్యి వెనక్కి లాక్కుని, మళ్లీ ముట్టుకుంది. ఆ తర్వాత పదేళ్ల కుర్రవాడి అరచేతిని వాద్యం వీపు మీద పెట్టించి, షడ్జం, అంటే ‘స’, వాయించారు. వాడి ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

“మేడమ్, ఇది లోపల్నుంచి పలుకుతోందండీ,” అన్నాడు.

“అవును నాన్నా. తీగ బయట ఉంటుంది, గొంతు లోపలుంటుంది,” అని ఆమె జవాబిచ్చారు.

వాడికి ఆ రోజు స-ప-స వరకు కమాను లాగడం నేర్పారు. మొదట గీరింది, రెండోసారీ గీరింది. ఆమె వాడి మణికట్టును మాత్రం వదులు చేసి, పట్టు మార్చకుండా వదిలేశారు. ఆరో ఏడో సారికి ఒక్క పంచమం, అంటే ‘ప’, నిలబడింది. వాడు అది వదలకుండా కమాను కొస దాకా లాగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల గంట మోగినా గదిలోంచి ఒక్క పిల్లవాడూ లేవలేదు.