పెద్ద గీత, చిన్న గీత

"ఎక్స్ ప్లస్ ఐదు బై రెండు."

చెప్పింది పదో తరగతి అమ్మాయి. రాసింది పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి. చెవిన పడ్డది పడ్డట్టే రాసింది పాపం, ఐదు కింద రెండు వేసి. పెద్దమ్మాయి ఉద్దేశం అది కాదు. ఎక్స్ ప్లస్ ఐదు, మొత్తానికీ కింద రెండు. తర్వాత నాలుగు స్టెప్పులు తప్పాయి. ఇద్దరూ నావైపు చూశారు.

పెద్దమ్మాయికి సెరిబ్రల్ పాల్సీ. వేళ్లు పెన్నును పట్టుకోలేవు, మాట సాగుతూ వస్తుంది. లెక్కలు మాత్రం నాకంటే బాగా చేస్తుంది. ఇలాంటి పిల్లలు పదో తరగతి పరీక్షకు స్క్రైబ్‌ను, అంటే తాము చెబుతుంటే రాసిపెట్టే మనిషిని, పెట్టుకోవచ్చు. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో గంటకు కనీసం ఇరవై నిమిషాలు అదనపు సమయం ఇవ్వాలని ఉంది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. నేను నెల ముందే స్క్రైబ్ కావాలని అడిగితే హెచ్ఎం గారు, "పరీక్ష రోజు ఎవరో ఒకరిని కూర్చోబెడదాం లెండి మేడం" అన్నారు. ఆ ఎవరో ఒకరికి ఈ పిల్ల మాట అర్థం కావద్దూ? నాలుగుసార్లు స్కూలు చుట్టూ తిరిగాక ఈ చిన్నదాన్ని ఇచ్చారు. రోజూ సాయంత్రం మా భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే కేంద్రంలో, ఇద్దరికీ ప్రాక్టీసు.

ఆ "బై" గొడవ తేల్చింది నేను కాదు, వాళ్లే. రెండో రోజుకల్లా ఒక భాష తయారు చేసుకున్నారు. "పెద్ద గీత" అంటే ఇప్పటిదాకా చెప్పినదంతా పైన. "చిన్న గీత" అంటే చివరి అంకె ఒక్కటే పైన. బ్రాకెట్‌కు "తలుపు తియ్", "తలుపు వెయ్". ఓసారి తలుపు వేయడం మర్చిపోయి ఇద్దరూ నవ్వుకుంటూ కూర్చున్నారు. నాకేమో సిలబస్ టెన్షన్.

ఇంతకీ నా ఉద్యోగం చెప్పలేదు. నేను ఐఈఆర్పీని, అంటే ఇన్‌క్లూజివ్ ఎడ్యుకేషన్ రిసోర్స్ పర్సన్‌ని. సమగ్ర శిక్ష కింద ప్రకాశం జిల్లాలో, పడమటి వైపు ఒక మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పని చూస్తాను. 2008లో చేరాను, ఇప్పటికీ కాంట్రాక్టే. మా అత్తగారు మాత్రం ఎవరడిగినా "మూగ, చెవిటి పిల్లల టీచరు" అంటారు. సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. నేను చేరేనాటికి చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలే. 2016 చట్టంతో ఇరవై ఒకటి అయ్యాయి. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది అందులో చేరిన లెర్నింగ్ డిజెబిలిటీ. అప్పటిదాకా "మొద్దు" అనిపించుకుని వెనక బెంచీలో కూర్చున్న పిల్లల గురించి మాట్లాడటానికి నాకో మాట దొరికింది. పాఠం నోటితో అడిగితే గడగడా చెప్పి, రాయమంటే "ప"కు "ష", "మ"కు "వ" రాసి, ఒత్తులన్నీ మింగేసే పిల్లాణ్ని బద్ధకస్తుడనకండి సార్ అని చెప్పడానికి ఒక జీవో దన్ను ఉండాలి. లేకపోతే ఎవరూ వినరు.

పిల్లలకు నేర్పడం నా పనిలో చిన్న ముక్క. వాళ్ల చుట్టూ ఉన్న పెద్దవాళ్లకు నచ్చజెప్పడంలోనే రోజు గడిచిపోతుంది.

నచ్చజెప్పలేకపోయినవీ ఉన్నాయి. ఒక పిల్లాడికి రెండేళ్లు కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకోవడం, పదిరూపాయల నోటు ఇచ్చి చిల్లర లెక్క చూసుకోవడం నేర్పాను. తర్వాత సర్టిఫికెట్ కోసం, వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం శిబిరానికి స్లాట్ దొరికింది, వాళ్ల నాన్నతో పాటు నేనూ వెళ్లాను. బుద్ధిమాంద్యం కొలిచేటప్పుడు రోజువారీ పనుల గురించి కూడా అడుగుతారు. బట్టలు తనే వేసుకుంటాడా, అంగడికి ఒక్కడే వెళ్తాడా అని. వాళ్ల నాన్న నోరు తెరిచేలోపే వీడు లేచి, గుండీలన్నీ విప్పి, మళ్లీ వరసగా పెట్టి చూపించాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. వచ్చింది పాతిక శాతం. పెన్షన్‌కు నలభై ఉండాలి, 2024 జూలై నుంచి నెలకు ఆరు వేలు అది. బస్టాండులో వాళ్ల నాన్న నా మొహం చూడకుండా, "మీరు నేర్పబట్టే కదా మేడం పోయింది" అన్నాడు. కూలికి పోయే మనిషి. ఆయనకేం చెప్పను? బస్సులో ఇద్దరం వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. పిల్లాడు మాత్రం దారంతా నాతో కబుర్లే.

శనివారాలు బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్తాను. ఒకింట్లో పిల్లాడు పుట్టినప్పటి నుంచీ మంచం మీదే. వాళ్ల అవ్వ వెల్లకిలా పడుకోబెట్టి అన్నం పెట్టేది, వాడు పొలమారేవాడు. కొలతల శిబిరంలో వీల్‌చైర్‌కు పేరు రాయించాం. అది వచ్చేసరికి రెండు సంక్రాంతులు దాటాయి, పిల్లాడు జానెడు పెరిగాడు. అందులో కూర్చోబెడితే మోకాళ్లు ఛాతీకి తగులుతున్నాయి. ఇప్పుడు అవ్వే అందులో కూర్చుని కందులు బాగు చేసుకుంటోంది. వాడికి పనికొచ్చింది గోడ మూల. రెండు గోడలు కలిసే చోట వీపు ఆనించి, అటూ ఇటూ చుట్టిన బొంతలు పెట్టి, ముందు పీట వేస్తే మెడ నిలుస్తుంది. ఫిజియోథెరపిస్టు గారు చెప్పిన కిటుకు ఇది, పైసా ఖర్చు లేదు. మొదటిరోజు అలా కూర్చుని వాడు వాకిట్లో కోళ్లను ఎంతసేపు చూశాడో! "ఈడికి ఇన్నాళ్లూ పైకప్పే కనపడేది గందమ్మా" అంది అవ్వ.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో పది మందికి, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలంది. ఆ తీర్పు వాట్సాప్ గ్రూపులో వచ్చిన రోజు మేం స్వీట్లు పంచుకున్నాం. మా మండలంలో మేమిద్దరం, పిల్లలు ఎనభై పైచిలుకు. స్వీట్లు మాత్రం బాగున్నాయి.

పరీక్షల సంగతికి వస్తాను. లెక్కల పరీక్ష రోజు గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. మిగతా పిల్లలంతా వెళ్లిపోయాక ఇంకో గంట. గుమ్మం దగ్గర ఇన్విజిలేటర్ గారు, "ఏందమ్మా, వాళ్లు ఊరికే తలుపు తియ్, తలుపు వెయ్ అంటున్నారు? గాలాడట్లేదేమోనని రెండుసార్లు లేచి తలుపు తీశాను" అన్నారు. చిన్నది వేళ్లు విరుచుకుంటూ వచ్చింది. పెద్దమ్మాయి నాకేమీ చెప్పలేదు, మంచినీళ్లు అడిగింది. లెక్కల్లో ఎనభై ఒకటి వచ్చాయి.

ఈ ఏడాది చిన్నది పదో తరగతి. మొన్న స్లిప్ టెస్టు పేపరు పట్టుకుని కేంద్రానికి వచ్చింది. "బయటికి చెప్పుకోకుండా లెక్క రావట్లేదు మేడం. 'పెద్ద గీత' అన్నానని సార్ బయట నిలబెట్టారు" అంది.