వంగిన తల, వంచిన తల

జూడో నేర్చుకోవడానికి చేరిన మొదటి రోజున పట్టు పట్టడమో, పడదోయడమో నేర్పుతారని అనుకున్నాను. ఆ రోజు చాలాసేపు నాకు నేర్పినది వంగడం ఒక్కటే. మడమలు కలిపి నిలబడి నడుము దగ్గర నుంచి వంగాలి. వెన్ను నిటారుగా ఉండాలి, మెడ ఒక్కటే వేలాడకూడదు. చేతివేళ్లు తొడల మీదుగా జారి మోకాళ్ల పైభాగానికి చేరాలి. అక్కడ క్షణం ఆగి, వంగినంత నింపాదిగానే లేవాలి. నేను వంగుతూనే కళ్లెత్తి ఎదుటి మనిషిని చూస్తున్నానని గురువుగారు రెండుసార్లు ఆపారు. "ఆయన ఏం చేస్తున్నారో మీకెందుకండీ? చూపు కూడా మీతోపాటే వంగాలి" అన్నారు. మూడోసారి సరిగ్గా వంగినప్పుడు నాకు కనిపించినవి చాప అల్లిక, నా కాలివేళ్లు, కొంచెం దూరంలో ఆయన కాలివేళ్లు, అంతే. మరికాసేపట్లో నన్ను ఎత్తి కింద వేయబోయే మనిషికి నా మెడను అప్పగించి నిలబడ్డానన్న ఎరుకా, ఆయన మెడ కూడా సరిగ్గా అలాగే నాకు అప్పగించి ఉందన్న ఎరుకా ఒక్కసారే కలిగాయి.

ఆ వంగడాన్ని జపాను భాషలో 'రెయ్' అంటారు. మర్యాదకూ అదే మాట, అదే అక్షరం. దానికి ముందు గౌరవాన్ని సూచించే చిన్న అక్షరం ఒకటి చేర్చితే కృతజ్ఞత అనే అర్థం వస్తుంది. జూడో రెయ్‌తో మొదలై రెయ్‌తో ముగుస్తుందని అక్కడివారు చెప్పే మాటకు ఇంత వెడల్పు ఉందని నాకు చాలా రోజుల తర్వాత గానీ అర్థం కాలేదు. అప్పటినుంచి వంగడానికి ఏ భాషలో ఏ మాట ఉందో వెదకడం నాకు అలవాటైంది.

మన మాటతోనే మొదలుపెడితే, నమస్కారంలో ఉన్నది 'నమ్' అనే సంస్కృత ధాతువు. దాని అర్థం వంగడమే. ప్రణామం, నమ్రత, వినతి దాని సంతానం. ఆశ్చర్యమేమిటంటే ఉన్నతి కూడా అక్కడినుంచే వచ్చింది: పైకి వంగితే ఉన్నతి, కిందికి వంగితే అవనతి. ఇంతకన్నా నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన సంగతి మరొకటి ఉంది. పారసీక భాషలో ప్రార్థనకు వాడే 'నమాజ్' అనే మాట, మన 'నమస్' అనే మాట ఒకే పురాతన మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు. అరబ్బీలో ఆ ప్రార్థనకు 'సలాత్' అనే వేరే పేరుంది. అందులో నడుము వంచడం 'రుకూ', నుదురు నేలకు ఆనించడం 'సజ్దా', సజ్దా చేసే చోటు 'మస్జిద్'. రోజుకు అయిదు వేళల్లో విధిగా చేయవలసిన 17 రకాతులలో (నిలబడి, వంగి, నేలకు మొక్కే ఒక్కో ఆవృత్తం ఒక రకాతు) ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున మొత్తం 34 సార్లు నుదురు నేలను తాకుతుంది. చేసే పనినిబట్టి చోటుకు పేరు వచ్చిందంటే, ఆ పనికి అక్కడ ఎంత ప్రాధాన్యముందో వేరే చెప్పనక్కరలేదు.

అయితే వంగడానికి గౌరవమొక్కటే అర్థమైతే ఇంత రాయవలసిన పని లేదు. తెలుగులో తల చుట్టూ అల్లుకున్న మాటలను ఒకచోట చేర్చి చూడండి. భక్తితో తల వంగుతుంది, అధికారానికి తలొగ్గుతాము, సిగ్గుతో తల దించుకుంటాము, అయినవాళ్లు తప్పు చేస్తే మనకు తలవంపులు. మెడ వంగే తీరు అన్నిటిలో ఒకటే, లోపల జరిగేది మాత్రం దేనికదే వేరు. ఆ తేడాను మన భాష క్రియలో దాచింది: వంగడం వేరు, వంచుకోవడం వేరు, వంచడం వేరు. మొదటిదానిలో తల తనంతట తాను దిగుతుంది, రెండోదానిలో మనమే దించుకుంటాము, మూడోదానిలో మరొకరి చెయ్యి మన మెడ మీద ఉండవచ్చు. జపాను భాషలోనూ దాదాపు ఇదే విభజన ఉండడం చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. 'అతమా గ సగరు' అంటే తల దానంతట అదే దిగడం, అంటే ఒకరి మంచితనానికో పట్టుదలకో మనసు నిండిపోవడం. 'అతమా ఒ సగెరు' అంటే తల దించడం, అంటే క్షమాపణ అడగడమో, బతిమాలుకోవడమో, గౌరవం చూపడమో. 'తల పైకి లేవదు' అనే నుడికారం కూడా వారికుంది, కానీ మనలా సిగ్గును చెప్పడానికి కాదు; తీర్చుకోలేనంత ఋణపడిన మనిషి ఎదుట నిలబడ్డప్పటి స్థితిని చెప్పడానికి.

వంచడానికీ వంగడానికీ మధ్య ఉన్న ఈ గీత మీదే చరిత్రలో పెద్ద పెద్ద పేచీలు వచ్చాయి. క్రీ.పూ. 327లో అలెగ్జాండర్ బాక్ట్రియాలో (నేటి అఫ్గానిస్థాన్ ప్రాంతంలో) ఉండగా, పారసీక రాజులకు జరిగే వంగి మొక్కే మర్యాదను తనవారిచేత కూడా చేయించుకోవాలని చూశాడు. గ్రీకులు దానిని 'ప్రోస్కినేసిస్' అనేవారు. పారసీకులకు అది రాజుగారి ఎదుట మామూలు మర్యాద. గ్రీకులకు దేవుళ్లకు మాత్రమే చెల్లే పని. విందులో ఒక్కొక్కరూ పాత్ర అందుకుని తాగి, మొక్కి, అలెగ్జాండర్ దగ్గర ముద్దు అందుకుంటున్నారట. అరిస్టాటిల్ బంధువూ చరిత్రకారుడూ అయిన కల్లిస్థెనీస్ మాత్రం తాగి, మొక్కకుండానే ముద్దుకోసం వెళ్లాడు. పక్కవారితో మాటల్లో ఉన్న రాజు గమనించలేదు కానీ ఎవరో చూసి చెప్పారు, రాజు ముఖం తిప్పుకున్నాడు. "అయితే ఒక ముద్దు తక్కువతో వెళుతున్నాను" అని కల్లిస్థెనీస్ వెనుదిరిగాడని ప్రాచీన చరిత్రకారులు రాశారు. తర్వాత కొద్ది కాలానికే ఒక కుట్రలో భాగం ఉందన్న ఆరోపణతో ఆయనను బంధించారు. ఆయన మళ్లీ బయటపడలేదు. ఆ సంఘటనలో నేను ఏ ఒక్క పక్షాన్నీ తప్పుపట్టలేను. పారసీకుల వంగడంలో దాస్యం లేదు, కల్లిస్థెనీస్ నిరాకరణలో పొగరు లేదు. ఒక జాతి మర్యాదను అర్థంతో సహా ఇంకొక జాతి మెడ మీదికి ఎక్కించవచ్చునని అలెగ్జాండర్ అనుకోవడమే పొరపాటు.

1793లో చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ దర్శనానికి వెళ్లిన బ్రిటిష్ రాయబారి మకార్ట్నీకి ఎదురైనదీ ఇదే చిక్కు. మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నుదురు నేలకు తాకించాలి. 'కౌటౌ' అనే మాటకు అక్షరాలా తల కొట్టడమని అర్థం. నాతో సమానమైన హోదాగల మీ అధికారి మా రాజుగారి చిత్రపటం ముందు అదే చేస్తే నేనూ చేస్తానని మకార్ట్నీ అన్నాడు. చివరికి తన రాజు ఎదుట చేసినట్లే ఒంటి మోకాలి మీద వంగానని ఆయన రాసుకున్నాడు. 1816లో వెళ్లిన మరో బ్రిటిష్ రాయబారి ఆమ్‌హెర్‌స్ట్ ససేమిరా అన్నాడు, చక్రవర్తిని చూడకుండానే తిరిగి వచ్చాడు. మకార్ట్నీ షరతు నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే అతడు వంగనని అనలేదు. వంగితే ఇద్దరమూ వంగుదామన్నాడు.

ఎవరూ అడగకపోయినా వంగినవారున్నారు. 1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో, నాజీల మీద తిరగబడిన యూదుల స్మారకం ముందు పూలచక్రం ఉంచి, దాని రిబ్బన్లు సరిచేసి, ఒక అడుగు వెనక్కి వేసి, తడి రాతిమీద రెండు మోకాళ్లూ ఆనించాడు. యువకుడిగా ఉండగానే నాజీలను ఎదిరించి దేశం విడిచి వెళ్లినవాడు ఆయన. ఆ నేరంలో ఆయనకు వ్యక్తిగతంగా పాలు లేదు. మాటలు చాలనప్పుడు మనుషులు చేసే పనే చేశానని తర్వాత చెప్పుకున్నాడు. ఆనాడు జరిపిన సర్వేలో 48 శాతం పశ్చిమ జర్మన్లు అది అతి అన్నారు. ఒకరి తప్పుకు ఇంకొకరు మోకరిల్లవచ్చునా అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ ఫొటోలో చేతులు ముందుకు కట్టుకుని, కదలకుండా ఉన్న ఆ మనిషిని చూసిన ప్రతిసారీ అది ఆయన వంచుకున్న తల కాదని, దానంతట అది దిగిన తలేనని నాకనిపిస్తుంది.

అటువంటిదే మరొకటి 1991లో జపానులో జరిగింది. ఉన్‌జెన్ అగ్నిపర్వతం బద్దలై ఇళ్లు వదిలి వచ్చినవారిని చూడడానికి చక్రవర్తి అకిహితో, మిచికో మహారాణి సహాయ శిబిరానికి వెళ్లారు. ఒకప్పుడు ప్రజలు తలెత్తి చూడడానికే వీలులేని సింహాసనం అది. బాధితులు నేలమీద కూర్చుని ఉన్నారు. వారిద్దరూ ఆ నేలమీదే మోకాళ్లు వంచి కూర్చుని, ఎదుటివారి కళ్లు తమ కళ్ల ఎత్తుకు వచ్చాక మాట్లాడడం మొదలుపెట్టారు.