బాబాయితో పది కిలోమీటర్లు: తొమ్మిది వారాల లెక్క

ఆగస్టు చివరి ఆదివారం జరిగే పది కిలోమీటర్ల పరుగులో మా బాబాయి, నేను కలిసి పాల్గొనబోతున్నాం. ఆయనకు 61 ఏళ్లు. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నాకు 36; నా ఉద్యోగమంతా కుర్చీలోనే. మా వీధిలో థలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి) ఉన్న పాప ఒకతె ఉంది. ఆ పాపకు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించడానికి రోజూ మందు వాడాలి. అలాంటి పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కించే ఒక సంస్థకు 60,000 రూపాయలు పోగుచేసి ఇవ్వాలని జూన్‌లో అనుకున్నాం.

మొదటి వారం మొదలుపెట్టే ముందు బాబాయి డాక్టరును కలిసి గుండె పనితీరు చూసే టీఎంటీ (ట్రెడ్‌మిల్) పరీక్ష చేయించుకున్నారు. ఆయన బీపీ మాత్ర వేసుకుంటారు కాబట్టి ఈ విషయంలో నేను బేరాలకు ఒప్పుకోలేదు. తర్వాత వారానికి మూడు రోజులు, ఉదయం అయిదున్నరకు ఉస్మానియా యూనివర్సిటీ ఎన్.సి.సి. గేటు దగ్గర కలుసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా పది విడతలు, అరగంటకు 3.2 కిలోమీటర్లు. గడియారం నా చేతికి ఉన్నా, నడక ముగిసిందని ప్రకటించేది బాబాయే. ఆయన “రైట్ రైట్” అంటే పరుగు, “హోల్డాన్” అంటే నడక. పక్కన నడిచే పెద్దమనుషులు మొదటి రెండు రోజులు ఉలిక్కిపడ్డారు గానీ, ఆ తర్వాత వాళ్లే మాకోసం “రైట్” చెప్పడం మొదలుపెట్టారు.

రెండో వారంలో చెప్పుకోదగిన విషయం బూట్లు. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట కొనాలని, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలని తెలిసి కూడా నేను పొద్దున్నే వెళ్లి కొన్నాను. దాని ఫలితంగా ఎడమకాలి గోరు నల్లబడింది. బాబాయి మాత్రం నాతో పాటు రాకుండా, సాయంత్రం వెళ్లి ఒక సైజు పెద్దవి తెచ్చుకున్నారు.

మూడో వారంలో రక్తదానం చేద్దామా అన్న ఆలోచన వచ్చింది. బాబాయి ఇంతకుముందు చాలాసార్లు ఇచ్చినవారు కాబట్టి 65 ఏళ్ల దాకా ఇవ్వవచ్చు. అయితే రక్తంలోని ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అయినా ఎర్రకణాలు మళ్లీ తయారవడానికి వారాలు పడుతుంది, ఆ లోగా పరుగులో ఆయాసం పెరుగుతుంది. అందుకని పరుగు అయ్యాక ఇద్దరమూ వెళ్దామని వాయిదా వేసుకున్నాం.

నాలుగో వారానికి రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకకు చేరి, 5 కిలోమీటర్లు 44 నిమిషాల్లో పూర్తిచేశాం. పరుగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితేనే వేగం సరైనదని మా నియమం. బాబాయి విషయంలో దీన్ని పరీక్షించడానికి ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు; 1990లలో రాత్రి సర్వీసుల సంగతి కదిపితే చాలు.

డబ్బు సంగతికొస్తే, ఇక్కడ గురువు ఆయనే. నేను ఫోన్‌లో అందరికీ ఒకే సందేశం పంపితే తొమ్మిదిమంది స్పందించారు. బాబాయి ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, “కిలోమీటరుకు ఎంత ఇస్తారు?” అని అడిగారు. కిలోమీటరుకు 50 అన్నవారు 500 ఇచ్చినట్టేనని అక్కడికక్కడే లెక్క చెప్పి, వరుస నంబర్లున్న చీటీ చింపి ఇచ్చేవారు. మాట ఇచ్చి డబ్బు తర్వాత ఇస్తామన్నవారి చీటీ వెనక, పూర్వం చిల్లర బాకీని టికెట్టు వెనక రాసినట్టే, రావలసిన మొత్తం రాసి సంతకం పెట్టేవారు. యూపీఐ ఉన్నవారు సంస్థ క్యూఆర్ కోడ్‌కే నేరుగా పంపాలి. నగదును ప్రతి సోమవారం సంస్థలో కట్టి, ఎవరి పేరున వారికి రసీదు తెస్తాం. విరాళానికి పన్ను మినహాయింపు కావాలంటే పాన్ నంబరు ఇవ్వాలని, 2,000 దాటిన నగదు విరాళానికి అది వర్తించదని, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే ఉండదని ముందే చెప్పేస్తున్నాం. తర్వాత మాట పడడం కన్నా అది నయం.

ఆరో వారంలో రెండు దెబ్బలు తగిలాయి. నాకు ముంగాలి ఎముక వెంట నొప్పి మొదలైంది. నాలుగో వారం మొత్తం మీద 15 కిలోమీటర్లు పరుగెత్తినదాన్ని అయిదో వారం ఉత్సాహం కొద్దీ 21 చేశాను, తప్పు అక్కడుంది. ఆరు రోజులు నడకకే పరిమితమై, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించే వ్యాయామం చేశాక తగ్గింది. రెండో దెబ్బ, మా లెక్కల పుస్తకంలో ఉన్నదానికన్నా వచ్చిన సొమ్ము 500 తక్కువ తేలడం. సరిచూద్దాం రమ్మంటే, బాబాయి వంటింటి బల్ల మీద చీటీల అడుగు ముక్కలన్నీ పేర్చి, స్టేజీ స్టేజీకి ఎస్సార్ (కండక్టరు టికెట్ల లెక్క కాగితం) రాసినట్టు మొదటి నంబరు, ఆఖరి నంబరు వేసుకుంటూ వచ్చారు. 27వ చీటీ దగ్గర వేలు ఆగింది. అది మాట మాత్రమే ఇచ్చిన చీటీ. వచ్చిన డబ్బు గడిలో రాసింది నేను. “చెకింగు వాళ్లు ఎక్కుంటే నీకు చార్జిషీటే అమ్మాయ్” అని, ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన నాచేత పొడి సంతకం పెట్టించారు.

ఏడో వారం వానలే. తడిసిన బూట్లను ఎండలో పెట్టకుండా, లోపలి అట్టలు తీసి పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఫ్యాను కింద ఉంచితే మర్నాటికి ఆరాయి.

ఎనిమిదో వారం ఆదివారం 8 కిలోమీటర్లు 71 నిమిషాల్లో అయ్యాయి. అరటిపండు తిన్న అరగంటకు బయల్దేరి, లీటరు నీటిలో ఒక ప్యాకెట్టు ఓఆర్‌ఎస్ కలిపి ఇద్దరం పంచుకున్నాం. ఆఖరి కిలోమీటరులో “హోల్డాన్” వినపడుతుందేమోనని చూశాను గానీ, బాబాయి ఆర్ట్స్ కాలేజీ కనిపించేదాకా ఆపలేదు. తొమ్మిదో వారం 9 కిలోమీటర్లు; కాలానికి 80 నిమిషాలు, నా గోరుకు ఒక ప్లాస్టరు.

ఈ రోజుకు 58 మంది మాట ఇచ్చిన మొత్తం 71,500. చేతికొచ్చింది 41 మంది నుంచి 52,300. మిగిలిన 17 చీటీలను బాబాయి పేటల వారీగా వేరుచేసి రబ్బరు బ్యాండు వేశారు. ఈ వారం పరుగు రెండు రోజులే, అదీ తేలికగా. మిగతా సమయం ఆయన ఆ చీటీల మీదే తిరుగుతారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి ఆటో మాట్లాడాం. సరిపడా చిల్లర దగ్గర పెట్టుకొమ్మని ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.