కింద సీటు అడిగితే మెమో ఇచ్చారు

హన్మకొండలో ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్‌ని. చిన్నప్పుడు పోలియోతో కుడికాలు దెబ్బతింది. వికలత్వాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ నా సర్వీసు రిజిస్టర్‌లోనే ఉంది. అయినా సెక్షన్లు మార్చినప్పుడు నా సీటు పై అంతస్తులో వేశారు. లిఫ్ట్ లేదు. మెట్లకు రెయిలింగ్ ఒక పక్కే. ఎక్కేటప్పుడు అందుతుంది కానీ, దిగేటప్పుడు కర్ర పట్టుకున్న చేతివైపు పడుతుంది. ఫైలు చంకలో పెట్టుకుని, గోడకు ఆనుకుని ఒక్కో మెట్టూ దిగేదాన్ని.

కింద సీటు ఇప్పించమని నోటితో అడిగితే, "అందరికీ ఒకటే రూల్ అమ్మా" అన్నారు.

అందరికీ ఒకటే రూల్ కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ కార్యాలయం ఉద్యోగంలో వివక్ష చూపకూడదు, మాకు వీలయ్యే ఏర్పాట్లు చేయాలి. 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఒక ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. ఫిర్యాదును రిజిస్టర్‌లో ఎక్కించి రెండు వారాల్లో విచారించాలి. మా ఆఫీసులో ఆ అధికారి ఎవరని అడిగితే అందరూ నీళ్లు నమిలారు. ఆ హోదా పేరుతోనే ఫిర్యాదు రాసి, ఆఫీసు తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, నా కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకున్నాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే మెమో వచ్చింది. తరచూ ఆలస్యంగా వస్తున్నానట, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. చేతులు వణికాయి. పక్క సీటు చెల్లెలు, "ఎందుకక్కా సార్లతోని పెట్టుకుంటవ్? శాయంపేటకో నడికూడకో బదిలీ చేస్తరు" అంది. ఆమె భయం అబద్ధం కాదు, అలా జరగడం మేమంతా చూసినదే.

యూనియన్‌లో ఒక పెద్దాయన చెప్పిన మాట నన్ను కాపాడింది: "మెమోకు జవాబు వేరు, ఫిర్యాదు వేరు. రెండూ కలిపి రాయకమ్మా. గడువు మాత్రం దాటనీయకు." కోపమంతా పక్కనపెట్టి, హాజరు పట్టీలోని తేదీలతో సంజాయిషీ రాసిచ్చాను. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టాను. నా హాజరు పేజీల కాపీలు, ఆ నెలలో ఆలస్యానికి జారీచేసిన మెమోల సంఖ్య అడిగాను. ముప్పై రోజుల గడువు చివర్లో జవాబొచ్చింది: ఒక్కటి. అంటే నాదే.

ఈలోగా ఫిర్యాదుపై రెండు వారాలు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అలాంటప్పుడు వికలత్వంపై జిల్లా స్థాయి కమిటీని ఆశ్రయించవచ్చని ఆ చట్టంలోనే ఉంది. కమిటీని ఉద్దేశించి అర్జీ రాసి, ఫిర్యాదు కాపీ, మెమో, సమాచార హక్కు జవాబు తేదీల వరుసలో జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాను. ఫిర్యాదు ముందు, మెమో తర్వాత. ఆ వరుస చూస్తే ఎవరికైనా సంగతి అర్థమవుతుంది.

విచారణ జరిగింది. సీటు కిందికి వచ్చింది. మెమోపై తదుపరి చర్య లేదని మాటతో సరిపెట్టబోతే, ఉత్తర్వు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఊరుకోలేదు. మెమో ఇచ్చినవారిపై మాత్రం ఏ చర్యా లేదు, అందుకు నా కోపం ఇంకా చల్లారలేదు. రెండో వైపు రెయిలింగ్ కోసం ఇంకో అర్జీ పెట్టాను. పై అంతస్తుకు పని మీద వచ్చే ముసలివాళ్లకూ అది కావాలి.