మేకు కొండ, ఈల కారు

లాంగ్‌టెయిల్ పడవలో ముందు కూర్చుంటే ఉప్పునీళ్లు మొహాన కొడతాయి, వెనక కూర్చుంటే ఇంజిన్ మోతకు చెవులు దిబ్బళ్లు పడతాయి. మధ్య బల్ల చూసుకుని కూర్చోవాలి. థాయిలాండ్‌లోని ఫాంగ్ న్గా అఖాతంలోకి సురకుల్ రేవు నుంచి పొద్దున్నే బయల్దేరాం. పడవ వెనక ఒక కారు ఇంజిన్ గడ మీద కూర్చుని ఉంటుంది. దానికి బిగించిన పొడవాటి కడ్డీ చివర చిన్న ఫ్యాన్. నీళ్లు తగ్గి బురద తగిలేలా ఉంటే పడవ నడిపేవాడు గడను కిందికి నొక్కుతాడు, ఆ చివర ఫ్యాన్ పైకి లేస్తుంది. మడ అడవుల మధ్య కాలువ దాటేలోగా ఈ పని చాలాసార్లు చేశాడు.

ఇంతా చేసి చూడబోతున్నది 1974లో వచ్చిన ఒక బాండ్ సినిమాలో విలన్ ఉండే దీవి. సినిమా పేరు 'ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్'. రోజర్ మూర్ హీరో, క్రిస్టఫర్ లీ విలన్, గై హామిల్టన్ దర్శకుడు. పదహారేళ్ల వయసులో చూస్తే ఇంతకు మించిన సినిమా లేదనిపిస్తుంది. నలభై ఏళ్లకు చూస్తే ఇందులో కథ ఎక్కడుందా అని వెతుక్కోవాల్సి వస్తుంది. అయినా చివరిదాకా చూస్తాం, అదీ దీని సంగతి.

బయల్దేరే ముందు రాత్రి సినిమా మళ్లీ చూడటం మంచిది. పూర్తిగా అక్కర్లేదు, చివరి అరగంట చాలు. సముద్ర విమానం కొండల మధ్య దిగడం, ఒడ్డు మీద బాండ్, విలన్ వీపుకు వీపు ఆనించి నిలబడటం, వెనక నీళ్లలో ఒంటి రాతి స్తంభం కనిపించడం, ఈ మూడు ఫ్రేములు ఫోన్‌లో పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక నెట్ దొరుకుతుందన్న ఆశ వద్దు.

ఫుకెట్ నుంచి రోజుకు బోలెడు స్పీడ్‌బోట్ టూర్లున్నాయి. వాటి చిక్కల్లా, అన్నీ ఇంచుమించు ఒకే వేళకు దీవికి చేరతాయి. పది దాటితే ఒడ్డున ఇసుక కనపడదు, తలలే. దానికన్నా ముందురోజే ఫాంగ్ న్గా పట్నానికి వచ్చి పడుకోవడం నయం. ఫుకెట్ నుంచి సుమారు 90 కిలోమీటర్లు, గంటన్నర నుంచి రెండు గంటలు. పొద్దున ఎనిమిదింటికల్లా రేవులో ఉంటే పడవ మొత్తం మాట్లాడుకోవచ్చు. తలకు ఇంత అని కాక పడవకు ఇంత అని మాట్లాడాలి. ఎన్ని గంటలు, ఎక్కడెక్కడ ఆపాలి అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. జాతీయ ఉద్యానవనం టికెట్ విదేశీ పెద్దలకు 300 బాత్‌లు, పిల్లలకు 150. అది పడవ బాడుగలో కలిసి ఉందో లేదో అప్పుడే అడిగేయండి. చాలామంది తగువు పెట్టుకునేది అక్కడే.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం తేటగా ఉంటుంది. వానాకాలంలో కూడా అఖాతం లోపల అలలు పెద్దగా ఉండవు గానీ, కొండలు మబ్బులో కలిసిపోతే ఫొటోలో మిగిలేది బూడిదరంగే.

అరగంట దాటాక కొండలు మొదలయ్యాయి. నిటారుగా, అంచుల నుంచి కారిన మైనంలా సున్నపు ఊడలతో. మనం వెతికే దీవి పేరు ఖావో ఫింగ్ కాన్, అంటే ఒకదానికొకటి ఆనుకున్న కొండలు. పడవ దిగి నడిస్తే పేరెందుకొచ్చిందో అర్థమవుతుంది. కత్తితో కోసినట్టు చీలిన ఒక పెద్ద రాతిపలక పక్క కొండ మీదికి జారి వాలిపోయి ఉంటుంది. ఆ చీలిక నున్నగా ఉంటుంది, అరచేయి ఆనిస్తే చల్లగా తగులుతుంది. జనం దాని కింద ఫొటో దిగి పరిగెడతారు గానీ, సినిమా సంగతి పక్కన పెడితే దీవిలో చూడాల్సిన అసలు వింత ఇదే.

అవతలి ఒడ్డుకు వెళితే ఎదురుగా కో తాపు. తాపు అంటే థాయ్‌లో మేకు. ఎత్తు సుమారు 20 మీటర్లు. నీటి దగ్గర అడ్డంగా నాలుగు మీటర్లు, పైన ఎనిమిది. అంటే తలబరువు మేకు. ఉప్పునీళ్లు సున్నపురాయిని అడుగున తినేస్తూ రావడం వల్ల నడుము సన్నబడింది. 1998 నుంచి పడవలు దాని దగ్గరికి పోకూడదని నిషేధం ఉంది. దగ్గరికి తీసుకెళ్తానని ఎవరైనా అన్నా ఒప్పుకోవద్దు. ఒడ్డు నుంచి 40 మీటర్లే కాబట్టి చూడ్డానికి ఆ దూరం చాలు.

ఫొటో విషయానికొస్తే, స్తంభం ఒడ్డుకు పడమర వైపు ఉంది. పొద్దున ఎండ మన వెనక నుంచి దాని మొహం మీద పడుతుంది, రాతిలోని ఎరుపు, నలుపు చారలు, నెత్తి మీద చెట్లు అన్నీ తెలుస్తాయి. మధ్యాహ్నం దాటితే ఎండ ఎదురై స్తంభం నల్ల ముద్ద అవుతుంది. ఫోన్‌లో వైడ్ కెమెరా వాడితే పాపం ఆ కొండ అగ్గిపుల్లంత అయిపోతుంది. రెండింతల జూమ్ పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగండి. ఆటు సమయంలో అయితే అడుగున ఉప్పునీళ్లు తినేసిన గాడి మొత్తం బయటపడుతుంది, పోటులో అది మునిగిపోయి స్తంభం పొట్టిగా కనిపిస్తుంది. ఆటుపోట్ల పట్టిక ముందే చూసుకోవాలి. మరీ నీళ్లు తగ్గిన వేళ పడవ ఒడ్డుకు రాలేక మోకాలి లోతు బురదలో నడవాల్సి వస్తుంది, కాబట్టి నీళ్లు మరీ అడుగంటకముందు, సగం దాకా తగ్గిన వేళ మంచిది.

సినిమాలో ఈ ఒడ్డునే ద్వంద్వ యుద్ధం. విలన్ సేవకుడు పొట్టి నిక్‌న్యాక్ అంకెలు లెక్కపెడుతుంటే ఇద్దరూ ఇరవై అడుగులు నడవాలి. బాండ్ తిరిగి కాల్చేసరికి అవతల మనిషే ఉండడు! ఇప్పుడు ఇరవై అడుగులు వేసే ఖాళీ లేదు. పది వేసేలోపే ముత్యాల దండలమ్మే దుకాణం అడ్డొస్తుంది.

ఆ విలన్ తుపాకీ మాత్రం ఈనాటికీ ముచ్చటే. పెన్ను గొట్టం అవుతుంది, లైటర్ తూటా గది, సిగరెట్ పెట్టె పిడి, చొక్కా చేతి గుండీ ట్రిగ్గర్. ఒక్కొక్కటీ తొందరపడకుండా బిగిస్తాడు లీ. సినిమాలో ఓపిగ్గా తీసిన సన్నివేశం అదొక్కటేనేమో. మిగతాదంతా హడావిడి. దీవి మొత్తానికి సౌరశక్తి కేంద్రం, దాన్ని నడపడానికి ఒకే ఒక్క ఉద్యోగి. అతను ద్రవ హీలియం తొట్టిలో పడితే ఒంటి వేడికి కేంద్రమంతా పేలిపోతుంది. ఇంత పెద్ద కేంద్రానికి తొట్టి చుట్టూ ఒక కంచె కట్టించలేకపోయాడు విలన్! బయట నిలబడి చూస్తే మాత్రం ఆ కేంద్రం పట్టే చోటు ఇక్కడ ఎక్కడా లేదు. లోపలి హాళ్లన్నీ ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లు, పేలిన దీవి బొమ్మ.

ఇదే సినిమాలో బ్యాంకాక్ దృశ్యాల్లో వచ్చే కారు గెంతు సంగతి కూడా చెప్పాలి. కూలిన వంతెన మీద నుంచి ఏఎంసీ హార్నెట్ కారు కాలువ దాటుతూ గాలిలో పక్కకు దొర్లుతూ ఒక పూర్తి మెలిక తిరిగి నాలుగు చక్రాల మీద దిగుతుంది. ట్రిక్కు కాదు, నిజంగా చేశారు. కార్నెల్ ప్రయోగశాలలో కంప్యూటర్ మీద లెక్క కట్టారు. డ్రైవర్‌తో కలిపి బరువు సుమారు 1460 కిలోలు, వేగం గంటకు సుమారు 77 కిలోమీటర్లు. ఎడమా కుడీ బరువు సమానంగా ఉండాలని స్టీరింగును కారు మధ్యకు మార్చారు. బరువు ఒక పక్కకు ఒరిగితే మెలిక అనుకున్న చోట ఆగదు, వేగం తగ్గితే అవతలి ర్యాంపు అందదు. ఒక్క టేకులో అయిపోయింది.

అంత శ్రమా పడి, దాని మీద జారుడు ఈల కూత పెట్టారు. పిల్లల కార్టూన్‌లో బొమ్మ జారిపడితే వచ్చే చప్పుడు. ఆ పని తప్పేనని సంగీత దర్శకుడు జాన్ బారీ తర్వాత ఒప్పుకున్నాడు. నా సలహా ఒకటే. మొదటిసారి ఆ షాట్ మ్యూట్ చేసి చూడండి, ఊపిరి బిగబడుతుంది. రెండోసారి ఈలతో చూడండి. పదహారేళ్లప్పుడు నవ్వు వచ్చింది ఎందుకో తెలుస్తుంది, నవ్వుతూనే తిట్టుకుంటాం.

తిరుగు పడవలో కో పన్యీ దగ్గర ఆగొచ్చు. నీటి మీద గుంజలపై నిలబడ్డ ముస్లిం జాలర్ల ఊరు, అక్కడ మద్యం దొరకదు, మోకాళ్లూ భుజాలూ కప్పుకుని వెళ్తే మర్యాద. భోజనం వేళకు టూర్ల వాళ్లంతా అక్కడికే వస్తారు కాబట్టి పదకొండులోపే తిని లేచేయండి.

రాత్రి గదికి వచ్చాక, ముందురోజు ఫోన్‌లో దాచుకున్న ఫ్రేములు మళ్లీ తీసి, కో తాపు అడుగున నీటి గీత ఎక్కడుందో చూడండి. గాడి కనిపిస్తే ఆటులో తీసిన షాట్, మునిగితే పోటులో తీసింది. ఆ కంటితో ద్వంద్వ యుద్ధం మొదటి నుంచి పెట్టుకుని షాటు షాటుకూ నీళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారి విమానం ఉన్న సంగతి కూడా గుర్తుండదు. అలారం పెట్టుకోండి.